గ్రామ గ్రంథాలయములో స్వతంత్ర వెబ్ సర్వరు

భూమి కొన్న రైతు దస్తావేజు వ్రాయించుకొనుటకు లేఖరి వద్దకు పోవును. లేఖరి వరుసగా ప్రశ్నలు వేయును. అమ్మినవారెవరు? కొన్నవారెవరు? సర్వే నంబరు ఎంత? తూర్పు హద్దు ఏది? పడమటి హద్దు ఏది? రైతు చెప్పినదానిని ఆయన పద్ధతి ప్రకారము వ్రాసి ఇచ్చును. దస్తావేజు వ్రాయు పద్ధతి రైతునకు తెలియనక్కరలేదు. కాని రైతు హద్దు తప్పుగా చెప్పినచో, ముత్యములవంటి అక్షరములతో ఆ తప్పు హద్దే కాగితము మీద పడును. అందుకు లేఖరి బాధ్యుడు కాడు.

కంప్యూటరులో ఇట్టి లేఖరి పని చేయు సాధనమునకు విజార్డు అని పేరు. అది ఒకదాని తరువాత ఒకటిగా ప్రశ్నలు అడిగి, మన సమాధానములను బట్టి యంత్రమును అమర్చును. పూర్వము నిపుణులు గంటల తరబడి ఆజ్ఞలు వ్రాసి చేయుచుండిన పని ఇప్పుడు అర్ధగంటలో ముగియుచున్నది. ఈ సాధనముతో ఒక గ్రామ గ్రంథాలయమో, పాఠశాలయో తన స్వంత వెబ్ సర్వరును నెలకొల్పుకొను విధమును ఇందు వివరింప దలచితిమి. విజార్డు ప్రశ్నలలో గ్రామస్థులు ముందుగా కూడి నిర్ణయించుకొనవలసినవి ఏవో చెప్పుట మా ముఖ్యోద్దేశము.

వెబ్ సర్వరు అనగానేమి?

మనము ఫోనులో ఒక పుటను తెరచినపుడు, ఆ పుట ఎక్కడో ఒక కంప్యూటరులో నిలువయుండి, అడిగినంతనే మనకు పంపబడుచున్నది. ఇట్లు అడిగినవారికి పుటలను అందించు కంప్యూటరును వెబ్ సర్వరు అందురు. అది భవనమంత యంత్రము కానక్కరలేదు. 1990లో జెనీవా సమీపమునగల సెర్న్ పరిశోధన సంస్థలో టిమ్ బెర్నర్స్-లీ మొట్టమొదటి వెబ్ సర్వరును తన బల్లమీది కంప్యూటరులోనే నడిపెను. ఎవరైనను పొరపాటున ఆపివేయుదురేమోనని, ఇది సర్వరు, దీనిని ఆపవద్దు అని ఎఱ్ఱ సిరాతో ఒక చీటీ వ్రాసి దానికి అంటించెను.

సర్వరు పని చేయుటకు ఎల్లప్పుడు ఇంటర్నెట్టు ఉండవలెనన్న నియమము లేదు. గ్రంథాలయములో ఒక వైఫై రౌటరు, దానికి తీగతో కలిపిన ఒక చిన్న సర్వరు ఉన్నచో, ఆ వైఫై అందినంత మేర ఫోనులు దానిలోని పుటలను చదువగలవు. ఊరికి వచ్చు తీగ తెగినను, ఫోను టవరు మూగవోయినను ఈ పని ఆగదు. ఇట్లు బయటి ప్రపంచముపై ఆధారపడక నిలుచు సర్వరునే స్వతంత్ర సర్వరు అనుచున్నాము.

కావలసిన సామగ్రి

ఇందుకు ఉపకరించు ఏర్పాటులు పెక్కు కలవు. వానిలో ఫ్రీడమ్‌బాక్స్ అనుదానిని ఉదాహరణగా తీసికొందము. న్యాయశాస్త్ర ఆచార్యుడైన ఎబెన్ మోగ్లెన్ 2010లో న్యూయార్కులో చేసిన ఉపన్యాసము నుండి ఈ ఆలోచన పుట్టినది. 2011లో దీనికొక సంస్థ ఏర్పడినది. ఇది 1993లో ఆరంభమైన డెబియన్ అను ఉచిత వ్యవస్థపై నిర్మింపబడినది. పుటలను అందించు పనిని దీనిలో 1995 నుండి వాడుకలోనున్న అపాచీ అను ప్రోగ్రాము చేయుచున్నది. దీనికి వెల లేదు. తెరమీది మాటలకు తెలుగు అనువాదము కూడ ఉన్నది.

అరచేతిలో ఇమిడెడి రాస్ప్‌బెర్రీ పై వంటి చిన్న కంప్యూటరు దీనికి చాలును. పనికి వచ్చు పాత కంప్యూటరు ఉన్నను సరియే. చిన్న కంప్యూటరునకు 8 జీబీకి తక్కువ గాని మెమరీ కార్డు కావలెను. గ్రంథములు, పాఠములు చేర్చదలచినచో ఇంకను పెద్దది మేలు. విద్యుత్తు ఆకస్మికముగా పోయినచో కార్డులోని వ్రాత చెడిపోవచ్చును గనుక, చిన్న బ్యాటరీ ఆధారము తప్పక ఉండవలెను.

ఒక జాగ్రత్తను ముందే చెప్పుచున్నాము. ఈ సర్వరులో చేర్చు ఒక్కొక్క అనుబంధ ప్రోగ్రామును ఇంటర్నెట్టు నుండి దించుకొనవలెను. కావున మొదటి అమరికను ఇంటర్నెట్టు బాగుగా ఉన్న పట్టణములో ముగించి, పిమ్మట యంత్రమును గ్రామమునకు తెచ్చుట సులభము.

విజార్డు అడుగు ప్రశ్నలు

మెమరీ కార్డులో ఫ్రీడమ్‌బాక్స్‌ను వ్రాసి, యంత్రమును రౌటరునకు కలిపి విద్యుత్తు ఇచ్చినచో, అది మొదటిసారి తన్ను తాను సిద్ధపరచుకొనుటకు కొన్ని నిమిషములు పట్టును. తొందరపడి ఆపరాదు. తరువాత అదే రౌటరునకు కలిసిన కంప్యూటరులో బ్రౌజరు తెరచి, ఫ్రీడమ్‌బాక్స్ డాట్ లోకల్ అను చిరునామాను ఆంగ్లాక్షరములలో వ్రాయవలెను. బ్రౌజరు అప్పుడు ఒక హెచ్చరిక చూపును. సర్వరు గుర్తింపు పత్రము దానంతట అది వ్రాసికొన్నదే గాని బయటి సంస్థ ధ్రువపరచినది కాదని దాని భావము. మనము స్వయముగా అమర్చి, మన తీగతోనే కలిపిన యంత్రము గనుక ఇక్కడ ముందుకు సాగవచ్చును. తెలియని చోట ఇట్టి హెచ్చరిక కనిపించినచో మాత్రము వెనుకకు మరలవలెను.

ఇక ప్రశ్నలు ఆరంభమగును. సంచికను బట్టి వాని వరుస కొద్దిగా మారవచ్చును.

మొదటిది నిర్వాహకుని పేరు, పాస్‌వర్డు. ఇది ఇంటి తాళపుచెవి వంటిది. దీనిని కలవాడు సర్వరులో దేనినైనను చేర్చగలడు, తొలగింపగలడు.

రెండవది యంత్రము ఏ విధముగా కలుపబడినది అనునది. ముందు రౌటరు ఉన్నదా, లేక ఈ పెట్టెయే రౌటరుగా పని చేయవలెనా అని అడుగును. మేము చెప్పిన ఏర్పాటులో రౌటరు ముందున్నది గనుక ఆ సమాధానమునే ఎన్నుకొనవలెను.

మూడవది బయటనుండి వచ్చు ఇంటర్నెట్టు ఎట్టిది అనునది. తెలియనివారు తెలియదని చెప్పుటకు కూడ విజార్డు అవకాశమిచ్చుచున్నది. ఊహించి తప్పు చెప్పుటకంటె తెలియదనుటయే మేలు.

ఇవి ముగిసిన పిమ్మట అనుబంధములను ఎన్నుకొనవచ్చును. కివిక్స్ అనుదానితో 2003లో ఆరంభమైన తెలుగు వికీపీడియా ప్రతిని ఇంటర్నెట్టు లేకుండ చదువవచ్చును. క్యాలిబర్ అనునది ఎలక్ట్రానిక్ పుస్తకముల అలమర. మీడియావికీలో గ్రామస్థులే పుటలు వ్రాసికొనవచ్చును. గ్రామసభ తీర్మానములు, బడి పాఠములు, పశువైద్యుడు వచ్చు దినములు, విత్తనముల వివరములు అందులో చేర్చవచ్చును.

గ్రామము నిర్ణయింపవలసిన విషయములు

ఇంతవరకు విజార్డు సహాయము చేసినది. ఇక దానికి చేతగాని పని ఉన్నది. ఉత్సాహవంతుడైన ఒక ఉపాధ్యాయుడు సెలవులలో శ్రమపడి సర్వరును అమర్చెననుకొందము. పాస్‌వర్డు ఆయనకు మాత్రమే తెలియును. రెండేండ్లకు ఆయనకు బదిలీ అయినది. పెట్టె మీద దీపము వెలుగుచునే ఉన్నది, పుటలు కనిపించుచునే ఉన్నవి. కాని క్రొత్త ప్రకటన చేర్చుటకు గాని, పాతబడిన సంగతిని తీసివేయుటకు గాని ఎవరి చేతను కాదు. వెనుకటి నెల ధర ఈనాటి ధరగా పిల్లవాడు తండ్రికి చదివి వినిపించును. రైతు ఆ మాట నమ్మి ధాన్యము బండికెత్తును. ఇచ్చట యంత్రము చెడలేదు. విజార్డు తప్పు చేయలేదు. నిర్వాహకుడెవరు అన్న ప్రశ్నకు గ్రామము బదులు ఒక్క వ్యక్తి సమాధానమిచ్చెను. అదియే లోపము.

కావున విజార్డును తెరచుటకు ముందే గ్రంథాలయ సంఘమో, పంచాయతీయో సమావేశమై నాలుగు విషయములను తీర్మానించుకొని, మినిట్సు పుస్తకములో వ్రాసికొనవలెనని మా సూచన.

1. నిర్వాహకులు ఇద్దరు ఉండవలెను. విజార్డు మొదట ఒక్కరినే అడుగును. తరువాత రెండవ వ్యక్తికి వేరు పేరుతో, వేరు పాస్‌వర్డుతో అదే అధికారము ఇయ్యవచ్చును. వారిలో ఒకరైనను ఆ ఊరిలో స్థిరముగా నివసించువారై ఉండుట మంచిది. ఒక పాస్‌వర్డును కవరులో పెట్టి, ముద్రవేసి, పంచాయతీ బీరువాలో ఉంచవలెను. ఒక నిర్వాహకుడు వెడలిపోయిన దినముననే ఆయన అధికారమును తొలగించి, వేరొకరిని నియమింపవలెను.

2. వ్రాయువారెవరు, చదువువారెవరు అన్నది తేల్చవలెను. చదువుట అందరికి, వ్రాయుట కొందరికి అనునది ఆరంభములో క్షేమకరము. ధరలు, తేదీలు ఉన్న ప్రతి పుటపైనను అది వ్రాసిన దినము, వ్రాసినవారి పేరు ఉండవలెను.

3. ఏది ఉంచరాదు అన్నది తేల్చవలెను. ఆధార్ సంఖ్యలు, బ్యాంకు ఖాతాలు, వైద్యమునకు సంబంధించిన వివరములు, ఒకరి ఇంటి సంగతులు ఈ సర్వరులో ఎన్నడును ఉంచరాదు. తలుపు తెరచి ఉంచిన చావడిలో ఏ కాగితము ఉంచుదుమో అదియే ఇందును ఉంచదగినది.

4. నకలు ఎక్కడ ఉండును అన్నది తేల్చవలెను. మెమరీ కార్డు చిరకాలము నిలుచు వస్తువు కాదు. ఫ్రీడమ్‌బాక్స్‌లో నకలు తీయు సాధనము ఉన్నది. ప్రతి దినము, ప్రతి వారము, ప్రతి నెల తనంతట నకలు తీయునట్లు దానిని అమర్చవచ్చును. ఆ నకలు అదే పెట్టెలో ఉన్నచో ప్రయోజనము లేదు. పెట్టె తడిసిన నాడు రెండును పోవును. కావున నకలును వేరొక భవనములో భద్రపరచవలెను.

తరువాతి సంరక్షణ

ఇంటర్నెట్టు అందని సర్వరునకు భద్రతా సవరణలు అందవు. నెలకు ఒక పర్యాయమైనను దానిని ఇంటర్నెట్టుకు కలిపి, సవరణలు పూర్తియగు వరకు ఉంచవలెను. ఆపవలసి వచ్చినపుడు తీగ లాగివేయక, తెరమీది ఆజ్ఞతోనే ఆపవలెను. సంవత్సరమునకు రెండు పర్యాయములు నకలును వేరొక కార్డులోనికి ఎక్కించి, అది నిజముగా పనికివచ్చునా అని పరీక్షింపవలెను. పరీక్షింపని నకలు, ఎన్నడును త్రిప్పి చూడని తాళపుచెవి వంటిది. అవసరము పడిన నాడు అది ఆ తాళమునకు చెందినదో కాదో ఎవరికిని తెలియదు.

సెర్న్‌లో ఆనాడు అంటించిన చీటీ వంటిదే మన గ్రంథాలయములోని పెట్టెకును అంటించుట మంచిదని మా అభిప్రాయము. ఇది సర్వరు, ఆపవద్దు అని వ్రాసి, దాని క్రింద నిర్వాహకులిద్దరి పేర్లను వ్రాయవలెను. పేర్లు మారినపుడెల్ల చీటీని మార్చవలెను. ఆ చీటీ మీద ఎల్లప్పుడు ఊరిలో ఉన్నవారి పేర్లే కనిపించుచున్నంత కాలము ఆ సర్వరు గ్రామమునకు ఉపకరించుచునే ఉండును.