దీపముండగానే

సాయంత్రం దేవుని ముందు దీపం పెట్టడం మన అవ్వలు నేర్పిన ఆచారం. 2008 మొదలు ఎన్నో సాయంత్రాలు మన ఇళ్ళలో వెలిగినది ఆ దీపం ఒక్కటే. ఈ లోడ్ షెడ్డింగ్ ఎందుకు వచ్చింది, దానికి మన దక్షిణాఫ్రికా నాయకులు చెప్పిన మందులేమిటి అన్నది మనమందరం తెలుసుకోవలసిన విషయం.

ఇది హఠాత్తుగా వచ్చిన ఆపద కాదు. మిగులు విద్యుచ్ఛక్తి 2007 నాటికి అయిపోతుందని ప్రభుత్వపు 1998 శ్వేతపత్రమే హెచ్చరించింది. అయినా కొత్త కేంద్రాల నిర్మాణం ఆలస్యమైంది. మెదుపి, కుసిలే బొగ్గు కేంద్రాలు ఏళ్ళ తరబడి సాగి, ఖర్చు అంచనాలను మించి, ఎస్కామ్ సంస్థ అప్పులపాలైంది. పాత కేంద్రాలు మాటిమాటికీ చెడిపోయాయి. ఆరవ స్టేజి అంటే 6,000 మెగావాట్ల కోత!

నాయకుల సూచనలు ముఖ్యంగా మూడు.

మొదటిది, ఇతరులను కూడా విద్యుత్తు తయారు చేయనివ్వడం. 100 మెగావాట్లు దాటితే లైసెన్సు కావాలన్న నిబంధనను తీసివేస్తామని 2022 జూలైలో అధ్యక్షుడు రామఫోసా ప్రకటించారు. నగరపాలక సంఘాలే కరెంటు కొనుక్కోవాలని డెమోక్రటిక్ అలయన్స్ వాదించింది. మన తాతలు చెరకు నరికిన నాటాల్ లో మిల్లులు నేటికీ చెరకు పిప్పి కాల్చి కరెంటు తీస్తున్నాయి. ఆ మిగులును అమ్ముకోనివ్వాలన్నది చెరకు పరిశ్రమ కోరిక.

రెండవది, ఎస్కామ్ ను ఉత్పత్తి, ప్రసారం, పంపిణీ అని మూడుగా విడదీయడం. ఇది ప్రైవేటీకరణకు దారి అనీ, ఉద్యోగాలు పోతాయనీ నుమ్సా కార్మిక సంఘం ఎదిరించింది. ప్రసార సంస్థ మాత్రం 2024 జూలైలో వేరుపడి పని ప్రారంభించింది.

మూడవది, అప్పు భారం తగ్గించడం. 2023 బడ్జెటులో ప్రభుత్వం 254 బిలియన్ రాండ్ల సహాయం ప్రకటించింది. అది ప్రజల పన్నుల సొమ్మే.

2024 మార్చి చివరి నుండి సుమారు పది నెలలు కోత లేదు; 2025 ఆరంభంలో మళ్ళీ కొన్నాళ్ళు వచ్చింది. కావున రోగం పూర్తిగా కుదిరిందని అనుకోరాదు.

ఇంకొక మాట. డబ్బున్నవారు ఇంటికప్పు మీద సోలార్ పలకలు వేసుకున్నారు. చాట్స్‌వర్త్, ఫీనిక్స్ లలో పింఛను మీద బ్రతికే ముసలివారికి ఆ దారి లేదు. పెరిగిన ధర మాత్రం వారూ కట్టవలసిందే. కనుక ఏ పార్టీవారు ఓటుకు వచ్చినా, “మీ పథకానికి డబ్బు ఎవరు చెల్లిస్తారు?” అని ముందు అడగండి.

దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలన్నారు పెద్దలు. 1998లో దీపం ఉంది, ఇల్లు చక్కబెట్టుకోలేదు. ఆ తప్పు మళ్ళీ జరగనివ్వరాదు.