సర్టిఫికెట్ మీద ఒక్క అక్షరం

కౌన్సెలింగ్ రోజులొచ్చాయంటే డోన్‌లో చాలా ఇళ్లలో మార్కుల మెమో పక్కన ఇంకో కాగితం చేరుతుంది. కుల ధ్రువీకరణ పత్రం. దానిమీద బీసీ-ఎ, బీసీ-బి, బీసీ-డి... ఏదో ఒక అక్షరం. అది ఉన్న ఇంట్లో 'మనవాడికి సీటొస్తుంది' అన్న ఆశ. లేని ఇంట్లో 'మావాడి ర్యాంకే మేలు కదా' అన్న బాధ. ఇంతకీ ఆ అక్షరాన్ని ఎవరిచ్చారు? ఏ లెక్కన ఇచ్చారు? సరిగ్గా ఈ ప్రశ్న మీదే మన రాష్ట్రం ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగింది.

పద్నాలుగు సీట్ల పంపకం

1950 నాటికి డోన్ మద్రాసు రాష్ట్రంలో ఉంది. అక్కడి మెడికల్, ఇంజినీరింగ్ కాలేజీల్లో సీట్లన్నీ వాటాల ప్రకారమే పంచేవారు. ప్రతి 14 సీట్లలో బ్రాహ్మణేతర హిందువులకు 6, వెనకబడిన హిందువులకు 2, బ్రాహ్మణులకు 2, హరిజనులకు 2, ఆంగ్లో ఇండియన్లు-క్రైస్తవులకు 1, ముస్లింలకు 1. దీన్ని సవాలు చేస్తూ చంపకం దొరైరాజన్, సి.ఆర్.శ్రీనివాసన్ కోర్టుకెక్కారు. శ్రీనివాసన్ తరఫున వాదించింది రాజ్యాంగ రచనలో పాలుపంచుకున్న నెల్లూరు జిల్లావాసి అల్లాడి కృష్ణస్వామి అయ్యర్. 1951లో సుప్రీంకోర్టు ఆ జీవోను కొట్టేసింది. అదే ఏడాది పార్లమెంటు రాజ్యాంగాన్ని తొలిసారి సవరించి 15(4) అధికరణాన్ని చేర్చింది. వెనకబడిన తరగతుల కోసం ప్రత్యేక ఏర్పాట్లు చేసే దారి అలా తెరుచుకుంది.

ఆధారం ఏదీ?

దారైతే దొరికింది. మరి వెనకబడినవారెవరు? 1963లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 139 కులాలతో ఓ జాబితా ఇచ్చింది. అప్పటి ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి. 1962లో ఆయన శాసనసభకు గెలిచింది డోన్ నుంచే! ఆ జాబితాను హైకోర్టు కొట్టేసింది. ప్రభుత్వం మరో జాబితా తెచ్చింది. అదీ నిలవలేదు. 1968లో పి.సాగర్ కేసులో సుప్రీంకోర్టూ అదే మాట చెప్పింది. రిజర్వేషన్ తప్పని కాదు, ఆ కులాలు వెనకబడ్డాయనడానికి తగిన సమాచారాన్ని ప్రభుత్వం కోర్టు ముందు ఉంచలేదని.

అప్పుడు కమిషన్ వేశారు. మొదట మనోహర్ పర్షాద్, తర్వాత కె.ఎన్.అనంతరామన్ దానికి అధ్యక్షులు. సభ్యులు జిల్లాలు తిరిగి చదువులు, వృత్తులు, సంఘంలో హోదా పరిశీలించి 1970లో నివేదిక ఇచ్చారు. మొత్తం 92 తరగతులు, నాలుగు గ్రూపులు. బండలు కొట్టి బతికే వడ్డెరలు ఎ గ్రూపులో, కురుబలు బి గ్రూపులో, గొల్లలు డి గ్రూపులో చేరారు. కమిషన్ 30 శాతం ఇవ్వమంటే ప్రభుత్వం 25 శాతం ఇచ్చింది. ఎకు 7, బికి 10, సికి 1, డికి 7. హైకోర్టు దాన్నీ కాదంది. కానీ 1972లో బలరాం కేసులో సుప్రీంకోర్టు సమర్థించింది. ఈసారి ప్రభుత్వం చేతిలో ఆధారముంది. అదే తేడా.

మళ్లీ అదే ప్రశ్న

ఆ తగవు అక్కడితో ఆగలేదు. ముస్లింలకు 2004లో ఒకసారి, 2005లో మరోసారి 5 శాతం ఇస్తే హైకోర్టు రెండుసార్లూ కొట్టేసింది. 2007లో వెనకబడిన ముస్లిం వర్గాలను గుర్తించి 4 శాతంతో బీసీ-ఇ ఏర్పాటుచేశారు. 2010లో హైకోర్టు దాన్నీ తోసిపుచ్చినా, సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో కొనసాగింది. ఎస్సీల వర్గీకరణకు 2004లో చుక్కెదురైంది, 2024లో ఆ తీర్పే తిరగబడింది. ఏ అక్షరమూ లేని పేదలకు 2019లో 10 శాతం కోటా వచ్చింది.

'ప్రతిభకు అన్యాయం' అని ఒకరంటారు. 'తాతల నాడు బడి గడప తొక్కనివ్వని ఇంటికీ, మూడు తరాలుగా చదువుకున్న ఇంటికీ ఒకే పరుగుపందెం ఏమిటి?' అని ఇంకొకరు. రెండూ కొట్టిపారేసే మాటలు కావు. అయితే ఈ చరిత్ర చెప్పేదొకటుంది. కోపంతో రాసిన జాబితా గానీ, ఓట్ల కోసం రాసిన జాబితా గానీ నిలవదు. తిరిగి, చూసి, లెక్కతో రాసిందే నిలుస్తుంది. ఆ లెక్క పాతబడితే ఉన్నవాడికీ, లేనివాడికీ అనుమానమే మిగులుతుంది.

దేశంలో అన్ని కులాల లెక్కలూ జనగణనలో చివరిసారి పూర్తిగా వెలువడింది 1931లో. వచ్చే జనగణనలో కులాన్నీ లెక్కిస్తామని కేంద్రం 2025లో ప్రకటించింది. గణకుడు ఇంటికొచ్చినప్పుడు నిజం చెప్పడం, ఆ నిజాన్ని ప్రభుత్వాలు దాచకుండా బయటపెట్టడం... సీటు వచ్చిన పిల్లలకూ, రాని పిల్లలకూ పెద్దలు ఇవ్వాల్సిన జవాబు అదే.