డి అంటే డెల్టా... దెందులూరు అంటే?

రైలు టిక్కెట్టు కోసమో, గ్యాసు సిలిండరు కోసమో ఫోన్ చేస్తాం. అవతలివాళ్లు పేరు అడుగుతారు. చెబుతాం. ‘బి నా, డి నా?’ అని మళ్లీ ప్రశ్న. ‘బి ఫర్ బొంబాయండీ’ అంటాం. అదిగో, మనకు తెలియకుండానే హామ్ రేడియో వాళ్ల బళ్లో తొలిపాఠం చదివేసినట్టే!

మనకైతే అది క్షణం పాటు చిరాకు, అంతే. హామ్‌లకు మాత్రం అదో పెద్ద విద్య. ఎందుకంటే తుపాను రాత్రి కరెంటు లేక, సెల్‌ఫోన్లు మూగబోయి, రేడియో ఒక్కటే మిగిలినప్పుడు ఒక్క అక్షరం తేడా వచ్చినా ఒక లంకకు వెళ్లాల్సిన పడవ మరో లంకకు వెళ్లిపోతుంది. అందుకే వాళ్లు రెండు విషయాల్లో రాజీపడరు. ఒకటి... అక్షరం. రెండోది... మర్యాద.

దెందులూరా? పెందులూరా?

ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం వైపు రైల్లో వెళ్తుంటే ఏలూరు దాటాక వచ్చే ఊరు దెందులూరు. ఆ చుట్టుపక్కల వాళ్లకు పేరు చెబితే చాలు. కానీ వెయ్యి కిలోమీటర్ల అవతల, గరగర శబ్దాల మధ్య వినేవాడికి? అతనికి దెందులూరూ ఒకటే, పెందులూరూ ఒకటే. పోనీ ఇంగ్లిషు అక్షరాలు ఒక్కొక్కటే చెబుదామా అంటే అదీ కష్టమే.

కారణం మన గొంతులోనే ఉంది. మాట్లాడేటప్పుడు అచ్చులకు బలం ఎక్కువ, హల్లులకు తక్కువ. పైగా హామ్‌లు వాడే రేడియో మన గొంతును పూర్తిగా మోయదు. సుమారు 300 నుంచి 3000 హెర్ట్జ్‌ల మధ్య ఉన్న ధ్వనినే దాటిస్తుంది. హల్లులను గుర్తుపట్టడానికి పనికొచ్చే సన్నని శబ్దాలు చాలావరకూ ఆ గీత అవతలే ఆగిపోతాయి. మిగిలినవాటిని ఉరుములూ మెరుపుల గరగర మింగేస్తుంది. అప్పుడు బి, సి, డి, జి, పి, టి, వి... అన్నీ కలిసి ఒకే ఒక్క ‘ఈ’గా మిగులుతాయి. ఎం, ఎన్‌ల సంగతి సరేసరి!

దీనికి విరుగుడు చిన్నది. అక్షరానికి బదులు ఆ అక్షరంతో మొదలయ్యే నిండైన మాట చెప్పడం. దెందులూరును హామ్ ఇలా చెబుతాడు: డెల్టా, ఎకో, నవంబర్, డెల్టా, యూనిఫాం, లిమా, యూనిఫాం, రోమియో, యూనిఫాం. ఇందులో ‘డె’ అన్న ముక్క గాలిలో కొట్టుకుపోయినా ‘ల్టా’ వినబడితే చాలు, మిగతాది వినేవాడి బుర్ర పూరించుకుంటుంది. గోదావరి డెల్టా అంచున ఉన్న ఊరి పేరు ‘డెల్టా’తోనే మొదలవడం భలే కుదిరింది కదూ!

‘కోకా’ పోయి ‘చార్లీ’ వచ్చె...

ఈ మాటలను ఎవరో ఒక పూట కూర్చుని రాసేసినవి కావు. తాడేపల్లిగూడెంలో రెండో ప్రపంచయుద్ధం నాటి విమానాల రన్‌వే ఉంది. ఆ యుద్ధకాలంలో మిత్రదేశాల సైన్యాలు ‘ఏబుల్, బేకర్, చార్లీ, డాగ్’ అనే వరుస వాడేవి. ఇంగ్లిషు వాళ్ల నాలుకకు అది హాయిగానే ఉండేది. ఫ్రెంచి, స్పానిష్ వాళ్లకు మాత్రం కొరుకుడుపడలేదు.

యుద్ధం ముగిసి ప్రయాణికుల విమానాలు దేశదేశాలకూ తిరగడం మొదలయ్యాక అందరికీ పలికే మాటలు కావాల్సివచ్చాయి. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఆ పనిని మాంట్రియల్ విశ్వవిద్యాలయానికి చెందిన భాషావేత్త జాన్ పాల్ వినేకు అప్పగించింది. కొత్త వరుస 1951లో అమల్లోకి వచ్చింది. అందులో సి అంటే ‘కోకా’, ఎం అంటే ‘మెట్రో’, ఎన్ అంటే ‘నెక్టర్’, యు అంటే ‘యూనియన్’, ఎక్స్ అంటే ‘ఎక్‌స్ట్రా’. పైలట్లు వాడి చూశారు. కొన్ని మాటలు చెవికి ఆనడం లేదన్నారు. మళ్లీ పరీక్షలు! 31 దేశాల వాళ్లతో పలికించి, వినిపించి చూశారు. చివరికి ఆ ఐదు మాటలనూ మార్చి చార్లీ, మైక్, నవంబర్, యూనిఫాం, ఎక్స్‌రే పెట్టారు. ఆ వరుస 1956 మార్చి 1న అమల్లోకి వచ్చింది. ఇప్పటికీ విమానాల్లో, ఓడల్లో, సైన్యంలో, హామ్ రేడియోలో అదే. అన్నట్టు, అందులో ఐ అక్షరానికి ఎంచుకున్న మాట ‘ఇండియా’!

అంకెలకూ ఇలాంటి తంటాలే. ఇంగ్లిషులో ‘ఫైవ్’, ‘నైన్’ రెండూ రేడియోలో ఒకేలా వినబడతాయి. అందుకే ఐదును ‘ఫైఫ్’ అనీ, తొమ్మిదిని ‘నైనర్’ అనీ పలుకుతారు. వినడానికి వింతగా ఉన్నా, పొరపాటుకు తావుండదు.

మన దేశపు హామ్‌లకు ఇచ్చే పిలుపు పేర్లు సాధారణంగా ‘వీయూ’తో మొదలవుతాయి. అంటే ‘విక్టర్ యూనిఫాం’. మాజీ ప్రధాని రాజీవ్‌గాంధీ కూడా హామే. ఆయన పిలుపు పేరు వీయూ2ఆర్‌జీ. గాలిలో ఆయన ప్రధాని కాదు, ‘విక్టర్ యూనిఫాం టూ రోమియో గోల్ఫ్’. అంతే!

ముందు చెవి... తర్వాతే నోరు

ఫోన్‌లో ఇద్దరూ ఒకేసారి మాట్లాడుకోవచ్చు. హామ్ రేడియోలో మామూలుగా అలా కుదరదు. మీట నొక్కి మాట్లాడుతున్నంతసేపూ అవతలివాళ్లు చెప్పేది మనకు వినబడదు. అదే ఫ్రీక్వెన్సీలో ఇద్దరు ఒకేసారి నొక్కితే ఇద్దరి మాటా మట్టికొట్టుకుపోతుంది. అందుకే ఇక్కడ మర్యాద అంటే పైపై మెరుగు కాదు, అది లేకపోతే పనే జరగదు.

కొత్తగా లైసెన్సు తీసుకున్నవాళ్లకు సీనియర్లు చెప్పే మొదటి మాట... ‘విను’. కాసేపు విన్నాక కూడా నేరుగా మొదలుపెట్టకూడదు. ‘ఈ ఫ్రీక్వెన్సీని ఎవరైనా వాడుతున్నారా?’ అని అడగాలి. మన చెవికి వినబడనంత దూరంలో ఇంకెవరో మాట్లాడుకుంటూ ఉండొచ్చు కదా! ఎవరూ బదులివ్వకపోతేనే ‘సీక్యూ, సీక్యూ’ అని పిలవాలి. ఎవరైనా పలకండి అని దానర్థం. ఒకరు ముగించాక ఇంకొకరు మొదలుపెట్టే ముందు రెండు క్షణాలు ఖాళీ వదలాలి. ఆపదలో ఉన్నవాడు ఎవడైనా పిలవడానికి ఆ సందు. ఆపద కబురు వచ్చిందా, మిగతా కబుర్లన్నీ బంద్!

అడిగేవాడికి అర్థం కాకపోతే గొంతు పెంచరు. మాట మారుస్తారు. ‘డెల్టా’ అందకపోతే ‘డెన్మార్క్’ అంటారు. శుభ్రంగా వినబడుతున్నప్పుడు మాత్రం ప్రతి మాటనూ అక్షరాలుగా విడగొట్టి విసిగించరు. అదీ ఓ మర్యాదే. కులం, మతం, రాజకీయాల జోలికి పోకపోవడం హామ్‌ల ఆనవాయితీ. వ్యాపారపు మాటలకైతే నిబంధనలే ఒప్పుకోవు.

ఇవన్నీ ఇప్పటివి కావు. అమెరికా హామ్ పాల్ సెగల్ 1928లోనే హామ్‌కు ఉండాల్సిన ఆరు గుణాలు రాసిపెట్టాడు. వాటిలో మొట్టమొదటిది ఎదుటివారి గురించి ఆలోచించడం. 2008లో బెల్జియం హామ్‌లు ఇద్దరు ఇలాంటి పద్ధతులన్నిటినీ ఓ పుస్తకంగా కూర్చారు. మాటామాటా ముగిశాక చెప్పే ‘73’ ఇంకా పాతది. 19వ శతాబ్దపు టెలిగ్రాఫ్ ఉద్యోగుల నుంచి వచ్చింది. ‘శుభాకాంక్షలు’ అని దానర్థం.

సినిమాల్లో పోలీసు హీరో దర్జాగా ‘ఓవర్ అండ్ ఔట్’ అంటాడు చూశారూ... హామ్‌లు విని నవ్వుకుంటారు. ‘ఓవర్’ అంటే ఇక మీరు చెప్పండి అని. ‘ఔట్’ అంటే నా మాట అయిపోయింది, జవాబు అక్కర్లేదని. రెండూ కలిపితే ‘కూర్చోండి, వెళ్లిపోండి’ అన్నట్టే! అలాగే ‘రోజర్’ అంటే ‘సరే, చేస్తాను’ అని కాదు. ‘విన్నాను’ అని మాత్రమే. ఆ తేడా తెలియకపోతే ఇవతలివాడు సాయం వస్తోందని ఎదురుచూస్తూనే ఉంటాడు.

ఇరవైయా... అరవైయా?

నీటికి అలవాటుపడ్డ ప్రాంతం కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు లాంటివన్నీ వచ్చి ఇందులోనే కలుస్తాయి. సముద్రానికి పోవడానికి ఉన్న దారి ఉప్పుటేరు. పైనుంచి వరద ఒక్కసారిగా వచ్చిపడితే లంక గ్రామాల దారులు మునిగిపోతాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచెత్తినప్పుడు ఆ నీళ్లు కొల్లేరుకు చేరి లంకవాసులను ఇబ్బంది పెట్టాయి. అంతకుముందు 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన, 1996 నవంబరు 6న కోనసీమ తుపాను కృష్ణా, గోదావరి జిల్లాల్లో ఎంత విషాదం నింపాయో పెద్దవాళ్లకు తెలుసు. అలాంటి రాత్రుల్లో మొదట తెగేది తీగే.

అలాంటి రాత్రే ఒకటి వచ్చిందనుకోండి. గుడివాకలంకలో ఒక హామ్ కారు బ్యాటరీతో రేడియో పెట్టుకుని కూర్చున్నాడనుకోండి. అతని మాటలు ఇలా ఉంటాయి.

‘ఏలూరు కంట్రోల్, ఏలూరు కంట్రోల్... ఇక్కడ లంక ఒకటి. అత్యవసర సందేశం ఉందండి. ఓవర్.’

‘లంక ఒకటి, వింటున్నాం. మిగతా స్టేషన్లు దయచేసి ఆగండి. చెప్పండి. ఓవర్.’

‘ఊరు గుడివాకలంక. గోల్ఫ్, యూనిఫాం, డెల్టా, ఇండియా, విక్టర్, ఆల్ఫా, కిలో, ఆల్ఫా, లిమా, ఆల్ఫా, నవంబర్, కిలో, ఆల్ఫా. బడి మీద ఉన్నవాళ్లు అరవై. ఆరు, సున్నా. ఇన్సులిన్ కావాల్సినవాళ్లు ఇద్దరు. ఓవర్.’

‘గుడివాకలంక. ఆరు, సున్నా. అరవైమంది. ఇన్సులిన్ ఇద్దరికి. సరిగ్గా రాసుకున్నామా? ఓవర్.’

‘సరిగ్గా రాశారు. ధన్యవాదాలండి. ఓవర్.’

గమనించారా? అరవై అని ఊరుకోలేదు. ఆరు, సున్నా అన్నాడు. గరగరలో ‘ఇరవై’, ‘అరవై’ కవలపిల్లల్లా ఉంటాయి. ఇరవై అనుకుని అవతలివాళ్లు ఒక్క పడవ పంపితే మిగతా నలభైమంది గతేమిటి? ఊరి పేరు సంగతీ అంతే. ఆ చుట్టుపక్కల కోమటిలంక ఉంది, ప్రత్తికోళ్లలంక ఉంది. ‘...లంక’ అని చివరిముక్క మాత్రమే వినబడితే ఎటు వెళ్లాలి? విన్నది తిరిగి చదివి వినిపించడం వెనక ఉన్నది ఇదే. ఇంత హడావుడిలోనూ ‘దయచేసి’, ‘ధన్యవాదాలు’ ఎందుకంటారా? భయంతో వణికే గొంతును నెమ్మదింపజేసేది నెమ్మదిగా పలికే ఇంకో గొంతే.

పోర్ట్‌బ్లెయిర్ చెప్పిన పాఠం

ఇది ఊహ కాదు, నిజంగా జరిగింది. హైదరాబాద్‌లో ఎస్.సూరి (వీయూ2ఎంవై) చొరవతో 1983లో ఏర్పడిన జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ 2004 డిసెంబరులో అండమాన్‌కు ఒక బృందాన్ని పంపింది. నాయకురాలు భారతీ ప్రసాద్ (వీయూ2ఆర్‌బీఐ). అండమాన్ నుంచి హామ్ రేడియో పలకడం అరుదు కాబట్టి ప్రపంచంలోని హామ్‌లంతా ఆమెతో మాట్లాడాలని ఎగబడ్డారు. వేలమంది ఒకేచోట పిలుస్తుంటే ఒక్కొక్కరినీ వరుసలో పెట్టి, పిలుపు పేరు అక్షరం పొల్లుపోకుండా రాసుకుని, ఓపిగ్గా బదులివ్వడం మాటలు కాదు.

డిసెంబరు 26 ఉదయం భూమి కంపించింది. తర్వాత సునామీ. పోర్ట్‌బ్లెయిర్‌లో ఫోన్లు పనిచేయలేదు. సరదా కోసం తెచ్చిన రేడియో క్షణాల్లో అత్యవసర కేంద్రమైపోయింది. భారతి బృందం దీవుల కబుర్లను ప్రధాన భూభాగానికి అందించింది. కార్ నికోబార్‌లోనూ స్టేషను నడిపారు. తమవాళ్లు బతికి ఉన్నారో లేదో తెలియక అల్లాడిపోయిన కుటుంబాలకు ఆ కబుర్లే ఊరట. మూడు వారాల పాటు సరదాకు చేసిన సాధనే ఆ రోజు అక్కరకొచ్చింది. వరుసలో నిలబడటం, పేరు సరిగ్గా రాసుకోవడం, వినడం... ఇవి ఆపద వచ్చాక నేర్చుకునేవి కావు మరి.

మీరూ హామ్ కావొచ్చు

రేడియో కొనుక్కుని మాట్లాడేస్తే కుదరదు. అది నేరం. కేంద్ర కమ్యూనికేషన్ల శాఖ నిర్వహించే పరీక్ష పాసై లైసెన్సు తీసుకోవాలి. 1978 నాటి నిబంధనలు పన్నెండేళ్లు నిండిన పిల్లలకూ అవకాశం ఇచ్చాయి. పరీక్షలో ప్రాథమిక ఎలక్ట్రానిక్స్‌తోపాటు గాలిలో ఎలా మెలగాలన్న నిబంధనలూ ఉంటాయి.

అంతవరకూ ఇంట్లోనే ఓ ఆట ఆడుకోవచ్చు. పిల్లలు ఒక గదిలో, పెద్దలు ఇంకో గదిలో. మధ్యలో ఫుల్ సౌండ్‌తో టీవీ. పేరును అక్షరాలుగా చెప్పి అవతలివాళ్లు సరిగ్గా రాశారేమో చూడండి. ముందు ఏ, బి, సి, డిలతో. తర్వాత ఈ మాటలతో:

ఆల్ఫా, బ్రావో, చార్లీ, డెల్టా, ఎకో, ఫాక్స్‌ట్రాట్, గోల్ఫ్, హోటల్, ఇండియా, జూలియెట్, కిలో, లిమా, మైక్, నవంబర్, ఆస్కార్, పాపా, కెబెక్, రోమియో, సియెర్రా, టాంగో, యూనిఫాం, విక్టర్, విస్కీ, ఎక్స్‌రే, యాంకీ, జులూ.

తేడా మీకే తెలుస్తుంది. నోరు మంచిదైతే ఊరు మంచిదన్నారు పెద్దలు. మాటమాటకీ ‘అండీ’ అనడం పుట్టుకతోనే వచ్చిన గోదావరి జిల్లాల వాళ్లకు ఈ విద్యలో సగం ఇప్పటికే వచ్చేసినట్టు. ఇక నేర్చుకోవాల్సింది ఆ ఇరవై ఆరు మాటలే. 73!