మన బడిలో జర్మను భాష

1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాగూరు మదనపల్లె వచ్చినప్పుడు, తమ "జనగణమన" గీతాన్ని ఇక్కడి దివ్యజ్ఞాన కళాశాలలోనే ఇంగ్లీషులోనికి అనువదించినారు. ఆ గీతానికి స్వరలిపి కూర్చడంలో తోడ్పడినవారు మార్గరెట్ కజిన్స్ అనే ఐరిష్ వనిత. కుప్పం వైపు పోతే తెలుగు, తమిళము, కన్నడము ఒకే సంతలో వినిపిస్తవి. కనుక పరభాష ఈ సీమకు కొత్త చుట్టమేమీ కాదు. అయినా, ఉన్నత పాఠశాల చివరి రెండేండ్లలో ఉన్న పిల్లవాడు "నేను జర్మను నేర్చుకొంటాను" అంటే, "దానివల్ల ఏమి లాభంరా?" అని తండ్రి అడగకుండా ఉండడు. ఆ ప్రశ్న తప్పు కాదు. దానికి సమాధానం చెప్పవలసినవారు ఉపాధ్యాయులే.

నిజానికి ఈ రాకపోకలను మొదలుపెట్టినది మనము కాదు. బెంజమిన్ షుల్జ్ అనే జర్మను మతాచార్యుడు చెన్నపట్టణంలో తెలుగు నేర్చుకొని, 1728లో లాటినుభాషలో తెలుగు వ్యాకరణం వ్రాసినాడు. జర్మనీలోని హాలె నగరంలో 1746-47 నాటికే తెలుగు పుస్తకాలు అచ్చయినవి. మన దేశాన్ని ఎన్నడూ చూడని మాక్స్‌ముల్లరు 1849 నుండి 1874 వరకు ఋగ్వేదాన్ని ఆరు సంపుటాలుగా పరిష్కరించి ప్రకటించినాడు. 1791లో జర్మనులోనికి వచ్చిన కాళిదాసు శాకుంతలం గోథే మహాకవిని ముగ్ధుణ్ణి చేసింది. వారు మన భాషల కోసం అంత శ్రమ పడినప్పుడు, మనవారు వారి భాషను తెలుసుకోవడం వింత కాబోదు.

ఇక భాష సంగతి. ఇంగ్లీషు ద్వారా చూచినవానికి జర్మను కొరకరాని కొయ్య. తెలుగు వ్యాకరణం చదివినవానికి అంత కష్టం కాదు. ఇంగ్లీషులో అందరికీ ఒకే "యూ". జర్మనులో స్నేహితునికి "డు", పెద్దలకు "జీ". మన "నువ్వు", "మీరు" వలెనే. ఉపవాక్యంలో క్రియ చివరకు పోతుంది. అది మనకు పుట్టుకతో వచ్చిన అలవాటు. ఆసుపత్రిని వారు "రోగుల ఇల్లు" అని, చేతి తొడుగును "చేతి జోడు" అని సమాసం చేస్తారు. షష్ఠీ తత్పురుషం నేర్చిన విద్యార్థి వాటిని ఇట్టే విడదీయగలడు. ఇరవై ఒకటిని "ఒకటియు ఇరువదియు" అంటారు. సంస్కృతంలోని "ఏకవింశతి" గుర్తుకు రావడం లేదా? బాలిక అనే మాట జర్మనులో నపుంసకలింగమని చెబితే పిల్లలు నవ్వుతారు. అప్పుడు ఉపాధ్యాయుడు "ఆమె వచ్చింది, ఆవు వచ్చింది" అని నల్లబల్లపై వ్రాసి, మన క్రియ రెంటికీ ఒకటే ఎందుకయిందని అడగవలె. చిన్నయసూరి చెప్పిన మహద్వాచకం, అమహద్వాచకం అప్పుడు ప్రాణం పోసుకొంటవి. పరభాష చేసే గొప్ప మేలు ఇదే: అది మన భాషను మనకు చూపిస్తుంది.

లాభం మాట కూడా నిజాయితీగా చెప్పవలె. జర్మనీలోని ప్రభుత్వ విశ్వవిద్యాలయాలలో చాలావరకు బోధనా రుసుము లేదు. బాడెన్-వుర్టెంబర్గు రాష్ట్రం మాత్రం 2017 నుండి ఐరోపా సమాఖ్యకు వెలుపలి విద్యార్థుల వద్ద అర్ధ సంవత్సరానికి 1,500 యూరోలు తీసుకొంటున్నది. జీవనవ్యయానికి తగిన సొమ్ము ఉన్నదని చూపవలసినదే. మన పన్నెండవ తరగతి ఒక్కటే సాధారణంగా నేరుగా ప్రవేశానికి చాలదు. ఇక్కడి కళాశాలలో ఒక ఏడాది చదువో, జేఈఈ అడ్వాన్స్‌డు ఉత్తీర్ణతో, అక్కడి సన్నాహక విద్యో తోడు కావలె. ఐరోపా పద్ధతిలో భాషాజ్ఞానానికి ఏ1 నుండి సీ2 వరకు ఆరు మెట్లు. నర్సుగా పని చేయడానికి బీ2, జర్మనులో సాగే డిగ్రీ చదువుకు సీ1 సాధారణంగా అవసరం. "మూడు నెలలలో జర్మను" అనే ప్రకటనలు నమ్మి అప్పు చేయబోయే తల్లిదండ్రులకు ఈ మెట్ల లెక్క ముందుగా చెప్పడం ఉపాధ్యాయ ధర్మం.

చివరిగా ఒక హెచ్చరిక. 2011 ఒప్పందం మేరకు కేంద్రీయ విద్యాలయాలలో మూడవ భాషగా బోధించిన జర్మనును 2014 నవంబరులో, చదువు సగంలో ఉండగా తొలగించి సంస్కృతాన్ని పెట్టినారు. 2015లో జర్మనుకు అదనపు భాషగా తిరిగి చోటు లభించింది. మూడవ భాష భారతీయ భాషే కావలెనన్న వాదంలో బలం లేకపోలేదు. కాని పెద్దల వాదానికి పిల్లల విద్యాసంవత్సరం బలి కారాదు. సంస్కృతానికీ జర్మనుకూ పోటీ పెట్టడం రెంటి చరిత్రా తెలియనివారి పని; మాక్స్‌ముల్లరే అందుకు సాక్షి.

అందరూ జర్మను చదవాలని ఎవరూ అనరు. చదవగోరిన పిల్లకు మదనపల్లెలోనో, పుంగనూరులోనో ఒక పుస్తకము, వారానికి రెండు గంటలు, వినిపించే ఒక గురువు దొరకాలన్నదే కోరిక. షుల్జ్ నాటికి ఆ మాత్రపు వసతి అయినా ఉండి ఉండదు. ఆసక్తి ఒక్కటే ఉండినది. అది మన పిల్లలకూ ఉన్నది.