కామ్రీ, అకార్డుల అవతల

అమెరికాలో మనవాళ్ళు కారు కొనేటప్పుడు అడిగే మొదటి ప్రశ్న "మైలేజీ ఎంత?", రెండోది "రీసేల్ ఎలా ఉంటుంది?". నడపడానికి ఎలా ఉంటుందని అడిగినవాళ్ళు నాకింతవరకూ తగల్లేదు. అందుకే మన అపార్ట్‌మెంట్ల ముందు కామ్రీ పక్కన అకార్డు, అకార్డు పక్కన కామ్రీ. ఉగాది పార్టీ అయ్యాక ఎవరి కారేదో తెలియాలంటే రిమోట్ నొక్కి చూసుకోవాల్సిందే.

తప్పు పట్టడం లేదండీ. వీసా మీద ఉన్నవాడు ఎప్పుడు సామాను సర్దుకోవాలో చెప్పలేడు. త్వరగా అమ్ముడుపోయే కారు, మధ్యలో మొరాయించని కారు కావాలి. నేననేది ఒకటే: మనం నమ్మే ఆ జపాన్ కంపెనీలే నడపడానికి సరదాగా ఉండే కార్లు కూడా చేస్తున్నాయి.

సరదా అంటే హార్స్‌పవర్ కాదు. మన తరంలో చాలామంది స్టీరింగ్ పట్టింది మారుతి 800లో. అదీ సుజుకీవాళ్ళ డిజైనే. 796 సీసీ ఇంజను, ఏసీ వేస్తే ఎత్తు ఎక్కడానికి ఆయాసం. అయినా తేలిక బండి కాబట్టి ఇటు తిప్పితే ఇటు, అటు తిప్పితే అటు, చెప్పిన మాట టక్కున వినేది. కింద రోడ్డు ఎలా ఉందో చేతులకి తెలిసేది. నేను వెతికే సరదా అదే.

దాన్ని అందరికంటే బాగా పట్టుకున్నది మాజ్డా. 1989లో షికాగో ఆటో షోలో బయటికొచ్చిన మియాటా రెండు సీట్ల చిన్న కారు. 2016కల్లా పది లక్షలు తయారయ్యాయి. ఇప్పటిది కూడా 1,100 కిలోల లోపే. కామ్రీ 1,500 పైనే ఉంటుంది. మనం "రౌతు కొద్దీ గుర్రం" అంటాం. వాళ్ళు ఇంకో అడుగు ముందుకేసి, రౌతూ గుర్రమూ ఒకటైపోవాలంటారు. జపనీసులో ఆ మాట "జింబా ఇత్తాయ్".

రెండు సీట్లతో సంసారం నడవదంటారా? టయోటా జీఆర్86, సుబారు బీఆర్‌జెడ్ కవలపిల్లలు. 2.4 లీటర్ల ఇంజను, 228 గుర్రాలు, శక్తంతా వెనక చక్రాలకే. వెనక సీట్లున్నాయి గానీ కాళ్ళున్నవాళ్ళు కూర్చోలేరు.

నేను కొన్నది హోండా సివిక్ ఎస్ఐ. నాలుగు తలుపులు, 1.5 లీటర్ల టర్బో, 200 గుర్రాలు, ఆరు గేర్లు. ఆటోమేటిక్ అసలు లేదు. మలుపులో ఒక చక్రం ఊరికే తిరిగిపోకుండా, పట్టున్న చక్రానికి శక్తి పంపే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ ఉంది. వెనక మా పాప కార్ సీటు, డిక్కీలో ఇండియన్ స్టోర్ బియ్యం బస్తా హాయిగా పడతాయి. క్లచ్ నొక్కడంలో మా ఆవిడ నాకంటే నయం.

దీనికోసం వేగంగా పోనక్కర్లేదు. నార్త్ కరోలినా, టెనెసీ సరిహద్దులో 11 మైళ్ళలో 318 మలుపులున్న రోడ్డుంది. "టెయిల్ ఆఫ్ ది డ్రాగన్" అంటారు. స్పీడ్ లిమిట్ 30 మైళ్ళే! అక్కడ 400 గుర్రాలున్నా కట్టేసుకోవాలి. చిన్న కారైతే ఆ 30లోనే పండగ.

టెస్ట్ డ్రైవ్‌కి వెళ్తే సేల్స్‌మన్ తిప్పే నాలుగు రైట్ టర్నులతో సరిపెట్టుకోకండి. గుండ్రంగా తిరిగే హైవే ర్యాంపు ఒకటి, గతుకుల రోడ్డు ఒకటి ముందే చూసిపెట్టుకుని అటు పోనివ్వండి. స్టీరింగ్ తిప్పగానే కారు కదిలిందా, ఆలోచించుకుని కదిలిందా చూడండి. రేడియో మాత్రం కట్టేయండి.

అడిగేవాళ్ళు లేకపోతే ఇవి ఉండవు. ఒకప్పుడు అకార్డులోనూ మాన్యువల్ గేర్లు దొరికేవి. 2021 మోడల్‌తో అమెరికాలో తీసేశారు. కొనేవాళ్ళు అంత తక్కువ. కారుని అమ్మేది ఒక్క రోజు, నడిపేది ఏళ్ళ తరబడి. ఆ ఒక్క రోజు లెక్కతోనే కొనే ముందు, వీటిలో ఒకదాన్ని ఓ అరగంట నడిపి చూడండి. తర్వాత కామ్రీయే కొన్నా నేనేమీ అనుకోను.