కెర్నల్ కోడ్‌లో శ్రేణి సూచిక దోషం: ప్రకటన, పరిమాణం, సవరణ

వ్యాససంగ్రహం: లైనక్స్ కెర్నల్‌లో ఫర్మ్‌వేర్ పట్టికలను చదివే భాగాలలో కనిపించిన ఒక శ్రేణి సూచిక దోషాన్ని, దాని సవరణ విధానాన్ని పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం. ప్రకటించిన పరిమాణానికీ వాస్తవ పరిమాణానికీ మధ్య గల వైరుధ్యమే ఈ దోషానికి మూలమనీ, ప్రకటనను మాత్రమే మార్చితే సవరణ పూర్తికాదనీ ఇందులో వివరించడమైంది.

కీలకపదాలు: కెర్నల్, ఫర్మ్‌వేర్, శ్రేణి, సూచిక, సి భాష, కంపైలర్.

1. ఉపోద్ఘాతం

ఆపరేటింగ్ సిస్టమ్‌కు కేంద్రభాగం కెర్నల్. పరికరంలోనే నిక్షిప్తమై దానిని నడిపించే ప్రోగ్రాం ఫర్మ్‌వేర్. గ్రాఫిక్స్ కార్డు తన వేగాలు, వోల్టేజీలు మొదలైన వివరాలను ఫర్మ్‌వేర్‌లో పట్టికలుగా ఉంచుతుంది. కెర్నల్‌లోని డ్రైవర్ వాటిని చదువుకొంటుంది.

ఒకే రకమైన విలువలను వరుసగా అమర్చినది శ్రేణి, అంటే అరే. అందులో ఒక్కొక్క అంశం స్థానాన్ని తెలిపే సంఖ్య సూచిక. సి భాషలో సూచిక సున్నాతో మొదలవుతుంది. కాబట్టి ఒకే అంశం గల శ్రేణిలో సున్నా తప్ప మరో సూచికకు చోటులేదు. కెర్నల్‌కు కంప్యూటర్‌పై సర్వాధికారాలు ఉంటాయి. అక్కడ శ్రేణి హద్దు దాటితే వ్యవస్థ నిలిచిపోవచ్చు, రహస్య సమాచారం బయటపడవచ్చు, దాడి చేసేవారికి ఆ అధికారమే చిక్కవచ్చు.

2. దోష స్వరూపం

పట్టికలో ఎన్ని అంశాలుంటాయో కోడ్ రాసేనాటికి తెలియదు. ఇటువంటి సందర్భాల కోసమే 1999 నాటి సి ప్రమాణం, నిర్మాణం చివర పరిమాణం చెప్పని శ్రేణిని అనుమతించింది. అంతకుముందు చివరి శ్రేణిలో 'ఒక అంశం' ఉందని ప్రకటించి, ఆచరణలో ఎన్ని ఉంటే అన్నీ చదివే అలవాటు ఉండేది. ఏఎమ్‌డీ గ్రాఫిక్స్ డ్రైవర్‌లోని అనేక పట్టికలు ఈ పద్ధతిలోనే ఉండేవి: మొదట సంస్కరణ సంఖ్య, తరువాత అంశాల సంఖ్య, చివర ఒక అంశంగా ప్రకటించిన శ్రేణి.

తెలుగు సాహిత్యంలో దీనికి పోలిక శతకం. శతకమంటే నూరు. అయినా శతకాలలో నూటెనిమిది పద్యాలుండటం పరిపాటి. సంప్రదాయం తెలిసిన పాఠకుడు నూరవ పద్యం దగ్గర పుస్తకం మూయడు. పేరును అక్షరాలా నమ్మే యంత్రానికి మాత్రం నూటొకటవ పద్యం హద్దు దాటినట్లే కనిపిస్తుంది.

3. దోషం బయటపడిన తీరు

ఈ అలవాటును దృష్టిలో ఉంచుకొని కంపైలర్లు నిర్మాణం చివరనున్న ఏ శ్రేణికైనా మినహాయింపు ఇచ్చేవి. పదహారు అంశాలని కచ్చితంగా ప్రకటించిన శ్రేణి సైతం చివరలో ఉంటే అది పెరగవచ్చునని భావించేవి. అందువల్ల నిజంగా హద్దు దాటిన సందర్భాలు కూడా తనిఖీకి చిక్కలేదు. అసలు ప్రమాదం ఇక్కడే ఉంది.

2023లో వెలువడిన లైనక్స్ 6.5 ఈ మినహాయింపును తొలగించే 'స్ట్రిక్ట్ ఫ్లెక్స్ అరేస్' అనే కంపైలర్ ఎంపికను అమలులోకి తెచ్చింది. దానితో హద్దులను పరీక్షించే 'యూబీశాన్' సాధనం, ఒకే అంశం గల శ్రేణిలో సూచిక 1 హద్దు దాటిందని హెచ్చరించసాగింది. ఆ పట్టికలలో మెమరీ నిజంగానే ఉంది. తప్పు చదవడంలో లేదు, ప్రకటనలో ఉంది. అదే సంవత్సరం ఏఎమ్‌డీ డ్రైవర్‌లోని ఇటువంటి ప్రకటనలను పరిమాణం చెప్పని శ్రేణులుగా మార్చారు.

4. సవరణలోని మెలకువ

ప్రకటనలో ఒకటిని తొలగించడం చిన్న మార్పుగా కనిపిస్తుంది. అయితే దానితో నిర్మాణ పరిమాణమే మారుతుంది. ఉదాహరణకు శీర్షభాగం 2 బైట్లు, ఒక్కొక్క అంశం 10 బైట్లు, అంశాలు నాలుగు అనుకొందాం. పాత ప్రకటన ప్రకారం నిర్మాణ పరిమాణం 12 బైట్లు. అందులో ఒక అంశం చేరి ఉన్నందున మిగిలిన మూడింటికి 30 కలిపితే 42 వస్తుంది. కొత్త ప్రకటనలో నిర్మాణ పరిమాణం 2 బైట్లే. పాత లెక్కను అలాగే వదిలితే 32 బైట్లే కేటాయించబడతాయి. నాలుగవ అంశం రాసేటప్పుడు పది బైట్లు పరుల మెమరీలో పడతాయి. అంతవరకు ప్రకటనకే పరిమితమైన దోషం ఈ విధంగా నిజమైన దోషమవుతుంది. అందువల్ల ఆ నిర్మాణ పరిమాణాన్ని వాడుకొన్న ప్రతి చోటునూ వెదికి, 'ఒకటి తక్కువ' లెక్కలను సరిచేయాలి. కెర్నల్‌లోని 'స్ట్రక్ట్ సైజ్' మ్యాక్రో ఈ గణనను సురక్షితంగా చేస్తుంది.

మరొక అంశం: పట్టికలో రాసి ఉన్న అంశాల సంఖ్య ఫర్మ్‌వేర్ ఇచ్చినది. ఆ సంఖ్యే తప్పైతే సరైన ప్రకటన కూడా కాపాడలేదు. దానిని పట్టిక మొత్తం పొడవుతో సరిచూసిన తరువాతనే సూచికగా వాడాలి.

5. ముగింపు

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు:

- శ్రేణి సూచిక దోషం ఎల్లప్పుడూ సూచికలోనే ఉండదు; శ్రేణి ప్రకటనలోనూ ఉండవచ్చు.
- అలవాటుకు ఇచ్చిన మినహాయింపు నిజమైన దోషాలను కూడా కప్పిపుచ్చుతుంది.
- ప్రకటన మారినప్పుడు దానిపై ఆధారపడిన లెక్కలన్నీ మారాలి.
- బయటి నుంచి వచ్చిన సంఖ్యను పరీక్షించకుండా హద్దుగా స్వీకరించరాదు.

సంప్రదాయం తెలిసిన మనిషికి పేరు ఒక సూచన మాత్రమే. యంత్రానికి ప్రకటనే ప్రమాణం. కాబట్టి ఆ ప్రకటన వాస్తవాన్ని చెప్పేటట్లు చేయడమే ఈ సవరణ సారాంశం.