ఖాళీ ఇంట్లో మంటలు: ఎవరూ ఉండని ఇల్లు ఫైర్ సిబ్బంది ప్రాణాలు ఎలా తీస్తుంది?

అమెరికాలోని బాల్టిమోర్ అనగానే మన దగ్గర చాలామందికి 2024 మార్చిలో ఓడ ఢీకొని కూలిపోయిన పెద్ద బ్రిడ్జి గుర్తొస్తుంది. ఆ ఓడ సిబ్బందిలో దాదాపు అందరూ భారతీయులే కావడంతో ఆ వార్త ఇక్కడా బాగా నడిచింది. అదే నగరంలో అంతకు రెండేళ్ల ముందు జరిగిన ఇంకో ఘటన మాత్రం ఇటువైపు పెద్దగా చేరలేదు. 2022 జనవరి 24, సోమవారం ఉదయం సౌత్ స్ట్రికర్ స్ట్రీట్‌లో ఏళ్లుగా ఎవరూ ఉండని మూడంతస్తుల ఇంటికి మంటలంటుకున్నాయి. ఆర్పడానికి లోపలికి వెళ్లిన ఫైర్ సిబ్బంది మీద ఇల్లు కొంతభాగం కూలింది. నలుగురు చిక్కుకుపోయారు. లెఫ్టినెంట్ పాల్ బుట్రిమ్, లెఫ్టినెంట్ కెల్సీ సాడ్లర్, ఫైర్‌ఫైటర్ కెన్నీ లకాయో ప్రాణాలు కోల్పోయారు. నాలుగో వ్యక్తి గాయాలతో బతికి బయటపడ్డాడు.

ఎవరూ ఉండని ఇల్లు. కాపాడాల్సిన సామాను కూడా లేదు. మరి వాళ్లు లోపలికి ఎందుకు వెళ్లారు? మనుషులున్న ఇంట్లో మంటల కంటే ఖాళీ ఇంట్లో మంటలు ఎందుకు ఎక్కువ ప్రమాదం? ఈ రెండు ప్రశ్నలకు జవాబు తెలియాలంటే ముందు ఆ ఇళ్లు ఎలా ఉంటాయో చూడాలి.

గోడకు గోడ కలిసిన ఇళ్లు

బాల్టిమోర్‌లో పాత ఇళ్లు చాలావరకు రోహౌస్‌లు. వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే వరసలో, ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. ఒక్కో ఇల్లు వెడల్పు చాలాచోట్ల 12 నుంచి 16 అడుగులే. లోపలికి మాత్రం పొడవుగా వెళ్తుంది. మీద రెండు మూడు అంతస్తులు, కింద బేస్‌మెంట్. పక్కింటికీ మనింటికీ మధ్య ఉండే ఇటుక గోడ ఉమ్మడిది.

అంతస్తుల బరువంతా మోసేది ఈ ఉమ్మడి గోడలే. చెక్క దూలాలు ఒక గోడ నుంచి ఎదుటి గోడకు వేసి, వాటి చివరలను ఇటుకల్లో తొలిచిన గూళ్లలో కూర్చోబెడతారు. ఆ దూలాల మీద పలకలు పరిస్తే అదే మీది అంతస్తుకు నేల. వీధివైపు ముఖంగా కనిపించే గోడకు ఈ దూలాలతో బంధం తక్కువ. ఆ గోడ బయటికి ఒరిగిపోకుండా లోపలికి ఇనుప కడ్డీ వేసి, బయట నక్షత్రం ఆకారంలో ఇనుప పళ్లెం బిగించడం చాలా పాత ఇళ్లలో కనిపిస్తుంది. చూసేవాళ్లు అలంకారం అనుకుంటారు. నిజానికి గోడను పట్టి ఉంచేది అదే.

కప్పుకూ పై అంతస్తు సీలింగ్‌కూ మధ్య ఒక ఖాళీ సందు ఉంటుంది. కొన్ని వరసల్లో ఈ సందు ఒక ఇంటి నుంచి పక్కింటికి అడ్డం లేకుండా సాగిపోతుంది. మంట అక్కడిదాకా ఎక్కితే ఇక వీధి పొడవునా పరుగెడుతుంది. ఖాళీ ఇంట్లో మొదలైన నిప్పు పిల్లలు నిద్రపోతున్న పక్కింటికి చేరడానికి ఎక్కువ సేపు పట్టదు. ఫైర్ సిబ్బంది “ఖాళీ ఇల్లే కదా, కాలిపోనీ” అని బయట నిలబడిపోలేకపోవడానికి మొదటి కారణం ఇది.

నిప్పు పడకముందే మొదలయ్యే కూలడం

మనుషులున్న ఇంటికి ఎవరో ఒకరు కాపలా. కప్పు కారితే బాగు చేయిస్తారు, మెట్టు విరిగితే వేయిస్తారు. ఖాళీ ఇంటిని చూసేవాళ్లుండరు. కప్పుకు చిన్న చిల్లు పడితే ఒక వాన, ఒక మంచు, ఇంకో వాన. నీళ్లు గోడ వెంట దిగి, దూలాల చివరలు కూర్చున్న గూళ్లలో చేరతాయి. దూలం మధ్యలో గట్టిగానే కనిపిస్తుంది. గోడలో దాగిన చివర మాత్రం లోలోపలే పుచ్చిపోతుంది. పదేళ్లు గడిచేసరికి అంతస్తు అంతస్తంతా అంగుళం రెండంగుళాల పుచ్చు చెక్క మీద నిలబడి ఉండొచ్చు.

దీనికి తోడు దొంగలు. రాగి పైపులు, కరెంటు తీగల కోసం గోడలు పగలగొడతారు, నేల పలకలు పీకుతారు. ఎక్కడో మెట్లు మాయమవుతాయి, ఎక్కడో నేలలో మనిషి పట్టేంత బొక్క. ఒకసారి కాలి ఆరిపోయిన ఇల్లయితే దూలాలు అప్పటికే సగం బొగ్గు.

పగటి వెలుగులో మామూలు మనిషి ఇవన్నీ చూసి తప్పించుకోగలడు. ఫైర్‌ఫైటర్‌కు ఆ వీలుండదు. దట్టమైన పొగలో తన చేయి తనకే కనపడదు. ఒంటి మీద కోటు, బూట్లు, హెల్మెట్, వీపున గాలి సిలిండర్ కలిపి 20 కిలోలకు పైగా బరువు. మోకాళ్ల మీద పాకుతూ, గోడను తడుముకుంటూ ముందుకు పోతాడు. చేతిలో థర్మల్ కెమెరా ఉన్నా అది చూపించేది పైపై వేడినే. కింద బేస్‌మెంట్‌లో మంట దూలాలను తినేస్తున్నా, పైన పలకలు, పాత కార్పెట్ ఆ వేడిని కప్పేస్తే కెమెరాలో నేల బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది.

గాలి, పొగ, నీళ్ల బరువు

ఖాళీ ఇళ్ల కిటికీలు, తలుపులకు మున్సిపాలిటీ వాళ్లు ప్లైవుడ్ కొడతారు, కొన్నిచోట్ల సిమెంటు ఇటుకలతో మూసేస్తారు. ఎవరూ చొరబడకుండా చేసిన ఏర్పాటు అది. మంటలంటుకున్నప్పుడు మాత్రం అదే ఉచ్చు అవుతుంది. గాలి ఆడని ఇంట్లో మంట కొంత నెమ్మదిస్తుంది గానీ వేడి తగ్గదు, కాలని వాయువులు పొగ రూపంలో నిండిపోతాయి. సిబ్బంది తలుపు పగలగొట్టగానే కొత్త గాలి లోపలికి దూకుతుంది. క్షణాల్లో గది మొత్తం ఒక్కసారిగా అంటుకుంటుంది. ఆ సమయంలో సీలింగ్ దగ్గర వేడి దాదాపు 600 డిగ్రీల సెల్సియస్. ఎంత మంచి కోటు వేసుకున్నా అందులో మనిషి నిలిచేది కొన్ని సెకన్లే.

వెనక్కి తిరిగి పారిపోదామంటే దారి ఒక్కటే. వెనక తలుపు మూసేసి ఉంటుంది, కిటికీ ఇటుకలతో కట్టేసి ఉంటుంది. మామూలు ఇంట్లో కిటికీ పగలగొట్టి దూకే అవకాశమైనా ఉంటుంది.

ఇంకో లెక్క చాలామందికి తట్టదు. నీళ్లకు బరువుంది. ఒక పైపు నుంచి నిమిషానికి 500 లీటర్లకు పైగా నీళ్లు వెళ్తాయి. లీటరు నీళ్లు కిలో బరువు. పది నిమిషాలు కొడితే 5 టన్నులు. అందులో కొంత బయటికి పోతుంది, కొంత ఆవిరవుతుంది, మిగిలింది పాత పరుపుల్లో, చెత్తలో, ప్లాస్టరులో ఇంకి అదే పుచ్చు దూలాల మీద కూర్చుంటుంది. మంట ఆరుతున్న కొద్దీ ఇల్లు కూలే ప్రమాదం పెరుగుతూ ఉంటుంది.

ఒక అంతస్తు జారి కింది అంతస్తు మీద పడితే అది కూడా ఆ బరువు ఆపలేదు. రెండూ కలిసి దాని కిందిదాని మీద పడతాయి. సిలిండర్ మీద 30 నిమిషాలని రాసి ఉన్నా, భయంలో, కష్టంలో ఊపిరి వేగంగా తీసుకుంటే గాలి అంతకంటే చాలా ముందే అయిపోతుంది. అర నిమిషం పాటు కదలకపోతే ఒంటి మీద ఉన్న అలారం గట్టిగా మోగుతుంది. బయట ఉన్న తోటివాళ్లకు శిథిలాల కింద నుంచి వినిపించేది ఆ మోతే.

“లోపల ఎవరైనా ఉన్నారా?”

ఇక రెండో కారణం. కాగితం మీద ఖాళీ అని ఉన్న ఇల్లు నిజంగా ఖాళీయేనని ఎవరూ చెప్పలేరు. చలికాలంలో ఇల్లు లేనివాళ్లు అలాంటిచోటే తలదాచుకుంటారు. కరెంటు ఉండదు కాబట్టి కొవ్వొత్తి వెలిగిస్తారు, చలి మంట వేసుకుంటారు. నిప్పు అక్కడే పుడుతుంది. అంటే ఖాళీ ఇల్లు కాలుతోందంటే లోపల మనిషి ఉండే అవకాశం తక్కువేం కాదు.

1999 డిసెంబర్ 3న మసాచుసెట్స్‌లోని వూస్టర్‌లో ఇదే జరిగింది. వాడకంలో లేని పెద్ద కోల్డ్ స్టోరేజీ భవనంలో తలదాచుకున్న ఇద్దరి కొవ్వొత్తి పడిపోయి మంటలంటుకున్నాయి. వాళ్లు ఎవరికీ చెప్పకుండా బయటికి వెళ్లిపోయారు. లోపల మనుషులు ఉంటారన్న మాట విని ఇద్దరు ఫైర్‌ఫైటర్లు వెతకడానికి వెళ్లి పొగలో దారి తప్పారు. వాళ్లను వెతుకుతూ వెళ్లిన మరో నలుగురు కూడా తిరిగి రాలేదు. మొత్తం 6 ప్రాణాలు. వాళ్లు వెతికిన మనుషులు అసలు ఆ భవనంలోనే లేరు.

2010 డిసెంబర్ 22న చికాగోలో మూతపడిన ఒక లాండ్రీ భవనంలో ఎవరైనా ఉన్నారేమో అని చూడటానికి వెళ్లినప్పుడు కప్పు కూలి ఇద్దరు ఫైర్‌ఫైటర్లు చనిపోయారు.

ఈ వృత్తిలో ఒక పాత నియమం ఉంది. ప్రాణం కాపాడటానికి పెద్ద రిస్క్ తీసుకో, ఆస్తి కోసం చిన్న రిస్క్ చాలు, అప్పటికే పోయినదాని కోసం రిస్కే వద్దు. వినడానికి తేలికే. వీధిలో నిలబడి ఉన్న ఆఫీసర్‌కు ఎదురుగా ఉన్నది ఈ మూడింట్లో ఏదో తేల్చుకోవడానికి దొరికేది ఒకటి రెండు నిమిషాలే. లోపల మనిషి ఉండి తాము వెళ్లకపోతే? ఆ ప్రశ్నే వాళ్లను లోపలికి తోస్తుంది.

ఎర్ర బోర్డు ఎందుకు లేదు?

స్ట్రికర్ స్ట్రీట్ ఇంటి విషయంలో మనసును కలచివేసేది ఇక్కడే. ఆ ఇల్లు 2010 నుంచీ ఖాళీ. 2015లో అదే ఇంట్లో మంటలు వచ్చి, కొంతభాగం కూలి, ముగ్గురు ఫైర్‌ఫైటర్లు గాయపడ్డారు. అంటే ఆ ఇల్లు ఎంత ప్రమాదమో ఆ శాఖకే అనుభవం. ఆ అనుభవం ఏడేళ్ల తర్వాత తెల్లవారకముందే అక్కడికి పరుగెత్తిన వాళ్లను హెచ్చరించడానికి పనికి రాలేదు.

హెచ్చరించే పద్ధతి లేక కాదు. వూస్టర్ ఘటన తర్వాత అమెరికాలో చాలా నగరాలు ప్రమాదకరమైన ఖాళీ భవనాల ముందు గుర్తు పెట్టడం మొదలుపెట్టాయి. ఎర్ర బోర్డు మీద తెల్ల ఇంటూ గుర్తు ఉంటే, లోపల ప్రాణం ఉందని గట్టిగా తెలిస్తే తప్ప వెళ్లొద్దని అర్థం. చికాగో తన రెండు ప్రాణాలు పోయాక ఈ దారి పట్టింది. బాల్టిమోర్‌లో కూడా ‘కోడ్ ఎక్స్‌రే’ పేరుతో ఇలాంటి పథకం మొదలై, కొన్నాళ్లకే ఆగిపోయింది.

2022 డిసెంబర్‌లో వచ్చిన 300 పేజీలకు పైగా ఉన్న విచారణ నివేదిక ఇదే ఎత్తి చూపింది. ఖాళీ ఇళ్లలో మంటలను ఎలా ఎదుర్కోవాలన్న స్పష్టమైన పద్ధతి శాఖలో లేదు, ఏ ఇల్లు ప్రమాదకరమో సిబ్బందికి తెలిపే ఏర్పాటు లేదు. నివేదిక బయటికొచ్చినప్పుడే ఫైర్ చీఫ్ రాజీనామా చేశారు. అంతకుముందే ఫెడరల్ అధికారులు ఆ మంటలు మనిషి వల్లే వచ్చాయని తేల్చడంతో మూడు మరణాలనూ హత్యలుగా నమోదు చేశారు.

ఇన్ని ఇళ్లు ఎలా ఖాళీ అయ్యాయి?

1950లో బాల్టిమోర్ జనాభా దాదాపు 9.5 లక్షలు. 2020 నాటికి 5.86 లక్షలు. స్టీలు ఫ్యాక్టరీలు, వాటితో ఉద్యోగాలు పోయాయి. 1930లలోనే నల్లజాతివాళ్లు ఉండే పేటలను మ్యాపుల్లో ఎర్ర రంగుతో గుర్తించి, అక్కడ ఇంటి లోన్లు దొరక్కుండా చేశారు. రిపేరుకు డబ్బు లేక ఇళ్లు పాడయ్యాయి, పాడయ్యాయని జనం వెళ్లిపోయారు. యజమాని చనిపోతే వారసులు పేరు మార్పించుకోలేదు, పన్ను బాకీలు ఇంటి విలువను దాటిపోయాయి. యజమాని ఎవరో తేలక నగరం కూడా చేయి వేయలేకపోయింది. మూడు మరణాల నాటికి సుమారు 15 వేల ఖాళీ భవనాలున్నాయి. తర్వాత ఆ సంఖ్య 13 వేల దగ్గరికి తగ్గింది. 15 ఏళ్లలో 300 కోట్ల డాలర్లతో ఈ సమస్యను తీర్చాలన్నది 2023 చివర్లో ప్రకటించిన ప్రణాళిక.

మన గల్లీల సంగతి

దూరం ఎంతున్నా, వారసత్వం తేలక తాళం పడిన ఇల్లు మనకు కొత్త కాదు. హైదరాబాద్ పాతబస్తీలో, కర్నూలు, గుంటూరు పాత పేటల్లో గోడకు గోడ ఆనుకున్న ఇళ్లున్నాయి. అన్నదమ్ముల్లో ఒకరు జెద్దాలో, ఒకరు చికాగోలో, మీరాస్ పంపకం కోర్టులో. తాళం మాత్రం తలుపుకే. జీహెచ్ఎంసీ ఏటా వానాకాలానికి ముందు శిథిల భవనాలకు నోటీసులిస్తుంది. నోటీసు తీసుకోవడానికే ఎవరూ లేని ఇళ్లూ ఉంటాయి.

అలాంటి ఇల్లు ఉన్న కుటుంబాలు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. పంపకం తేలేదాకా అయినా ఒకరికి బాధ్యత అప్పగించి, కప్పు కారకుండా చూసుకోవాలి. కరెంటు కనెక్షన్ తీయించాలి, సిలిండర్లు, పాత సామాను లోపల ఉంచొద్దు. పక్కింటివాళ్ల దగ్గర ఒక ఫోన్ నంబర్ ఉండాలి. పొరుగువాడి హక్ అంటే ఇది కూడా అందులోకే వస్తుంది, ఎందుకంటే గోడ ఇద్దరిదీ.

మంటలు కనిపిస్తే 101కి గానీ 112కి గానీ ఫోన్ చేసి, తెలిసినది తెలిసినట్టు చెప్పాలి. రాత్రిపూట లోపల ఎవరైనా పడుకుంటారా, చివరిసారి ఎవరిని ఎప్పుడు చూశారు, మెట్లు ఎటువైపు, కప్పు బాగుందా. “ఉన్నారేమో” అని ఊహించి చెప్పే మాటకూ, “నిన్న రాత్రి చూశాను” అని చెప్పే మాటకూ తేడా ఫైర్ ఆఫీసర్‌కు తెలుస్తుంది. లోపల ఉన్నవాళ్లు బయటికి వచ్చేస్తే, అనుమతి లేకుండా ఉన్నవాళ్లయినా సరే, వచ్చేశామని చెప్పాలి. వూస్టర్‌లో ఆ ఒక్క మాట సమయానికి చెప్పి ఉంటే ఆరుగురు ఆ రాత్రి ఇంటికి వెళ్లేవాళ్లు.